'మేమే కాల్ చేస్తాం' అన్నారు... మరి మనం అడగొద్దా?

సంగారెడ్డి చౌరస్తా నుంచి బీహెచ్ఈఎల్ సర్కిల్ దాకా ఏ కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళినా చివర్లో వినిపించే మాట ఒకటే. "సరే, మీరు వెళ్ళండి. మేమే కాల్ చేస్తాం." పాశమైలారంలో అయినా, బొల్లారంలో అయినా, ఫార్మా అయినా, ఫ్యాబ్రికేషన్ అయినా ఇదే మాట. మన సీనియర్లను అడగండి, ఈ మాట వినని వాళ్ళు ఒక్కరు కూడా దొరకరు. ఆ కాల్ వచ్చిన వాళ్ళు ఎంతమంది అని కూడా అడగండి. అక్కడ మాత్రం నవ్వుతారు.

ఈ వ్యాసం ఆ కాల్ గురించే. ఇంటర్వ్యూ ఎలా ఇవ్వాలో చెప్పడానికి మనకు ట్రైనింగ్ క్లాసులున్నాయి. రెజ్యూమే ఎలా రాయాలో చెప్పడానికి వంద వీడియోలున్నాయి. ఇంటర్వ్యూ అయిపోయి బస్సెక్కిన తర్వాత ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మనం అడగాలి. మర్యాదగా, లెక్కగా, సిగ్గుపడకుండా అడగాలి. అడిగినందుకు జవాబు చెప్పడం కంపెనీల బాధ్యత అని కూడా మనం అనడం మొదలుపెట్టాలి.

మనం ఎందుకు అడగం?

తెలుగులో 'అడగడం', 'అడుక్కోవడం' అని రెండు మాటలున్నాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వాటి మధ్య చాలా దూరం ఉంది. మనలో చాలామందికి మొదటిది చేస్తుంటే రెండోది చేస్తున్నట్టు అనిపిస్తుంది. అసలు సమస్య అక్కడే ఉంది.

మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. నాన్న ఇరవై ఏళ్ళుగా ఈ బెల్టులోనే షిఫ్టు డ్యూటీ చేస్తున్నాడు. పోయిన సెమిస్టర్ సెలవుల్లో నేను ఒక ప్లాంటులో ట్రైనీ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. పది రోజులైనా ఫోన్ రాలేదు. "నేనే చేసి అడుగుతా" అంటే అమ్మ ఊకోలేదు. "వాళ్ళు చేస్తమన్నరు గదా బిడ్డా, మనం మీద పడి చేస్తే మంచిగుంటదా? ఆడపిల్లకు ఇంత తొందరెందుకు అనుకోరా?" నాన్న మాత్రం ఒకటే అన్నాడు. "నువ్వు చెయ్. నేను కొత్తల రోజూ పొద్దున గేటు కాడ నిలబడ్డ. అడగకుంటే ఎవ్వడు పిలిచిండు?"

నేను ఫోన్ చేశాను. ఆ పోస్టు అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశామని చెప్పారు. ఉద్యోగం రాలేదు. కానీ ఆ రోజు నుంచి నేను ఎదురుచూడ్డం ఆపేశాను, ఇంకో దగ్గర అప్లై చేశాను. ఫాలోఅప్ అంటే ఉద్యోగం రావడానికి చేసే మంత్రం అని చాలామంది అనుకుంటారు. దానివల్ల ఎక్కువసార్లు దొరికేది జవాబు మాత్రమే. 'లేదు' అనే జవాబు కూడా జవాబే. అది తెలిసినవాళ్ళు ముందుకు కదులుతారు, తెలియనివాళ్ళు ఫోన్ ఛార్జింగ్ చూసుకుంటూ కూర్చుంటారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. హెచ్‌ఆర్ మౌనాన్ని మాత్రం మనం పూర్తి తిరస్కారంగా లెక్కేసుకుంటాం. రెండూ నిజం కాకపోవచ్చు.

అవతలి పక్క ఏం జరుగుతుంది?

మన బెల్టులో చిన్న, మధ్య తరగతి యూనిట్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట హెచ్‌ఆర్ అంటే పెద్ద డిపార్ట్‌మెంట్ ఏమీ కాదు. ఒకే మనిషి అటెండెన్స్ చూస్తాడు, పీఎఫ్ కాగితాలు చూస్తాడు, క్యాంటీన్ కాంట్రాక్టరుతో గొడవపడతాడు, మధ్యలో మన ఇంటర్వ్యూ కూడా పెడతాడు. మనల్ని తీసుకోవాలా వద్దా అని తేల్చేది ప్లాంట్ మేనేజరు. ఆయన షట్‌డౌన్‌లో ఉన్నా, ఆడిట్‌లో ఉన్నా మన కాగితం టేబుల్ మీదే ఉంటుంది. ఎవరూ మనల్ని కాదనలేదు, ఔననలేదు.

ఇంకోటి కూడా జరుగుతుంది. మొదట సెలెక్టయిన అబ్బాయి నైట్ షిఫ్ట్ అనగానే చేరడు. లేదా వారం చేసి మానేస్తాడు. అప్పుడు హెచ్‌ఆర్ పాత ఫైలు తీస్తాడా? చాలాసార్లు తీయడు. ఆ వారం ఎవరు ఫోన్ చేశారో వాళ్ళ పేరు గుర్తొస్తుంది. మా సీనియర్ ఒకాయనకు ఉద్యోగం ఇలాగే వచ్చింది. మూడు వారాల తర్వాత "సార్, ఆ పోస్టు ఏమైంది?" అని అడిగిన రోజే పొద్దున ఒకరు మానేశారట. ఇది అదృష్టమే అనుకోండి. కానీ ఫోన్ చేయకపోతే ఆ అదృష్టానికి ఆయన నంబరు ఎవరిస్తారు? అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఒక్కో గేటుకు ఒక్కో పద్ధతి

మన చుట్టూ ఉన్నవన్నీ ఒకే రకం కంపెనీలు కావు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన తర్వాతి ఏళ్ళలో పటాన్‌చెరు చుట్టూ ప్రైవేటు పరిశ్రమలు బాగా పెరిగాయి. అటు సదాశివపేటలో టైర్ల ఫ్యాక్టరీ, జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, ఇటు బొల్లారం, జిన్నారం వైపు మందుల కంపెనీలు. అన్ని చోట్లా ఒకే విధంగా అడిగితే కుదరదు.

మొదటిది, ప్రభుత్వ రంగ సంస్థలు. ఇక్కడ ఫోన్లు చేసి లాభం తక్కువ. నోటిఫికేషన్ నంబరు, అప్లికేషన్ నంబరు దాచిపెట్టుకోవాలి, వెబ్‌సైట్ చూస్తుండాలి. అయినా ఏమీ తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర సంస్థలకైతే ఫీజు 10 రూపాయలు. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. మామూలుగా 30 రోజుల్లోపు జవాబివ్వాలి. "ఫలానా నోటిఫికేషన్‌లో ఎంపిక ప్రక్రియ ఏ దశలో ఉంది? నా దరఖాస్తు స్థితి ఏమిటి?" అని రెండు లైన్లు రాస్తే చాలు. మన సివిక్స్ పాఠంలో చదివి మార్కులు తెచ్చుకున్న చట్టాన్ని మన ఉద్యోగం కోసం వాడుకోవడానికి మొహమాటం ఎందుకు? ప్రైవేటు కంపెనీలకు ఈ చట్టం వర్తించదు, అది కూడా గుర్తుంచుకోండి.

రెండోది, అప్రెంటిస్‌షిప్. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా వాళ్ళకు నాట్స్ పోర్టల్ ఉంది. అప్లై చేసి వదిలేయకుండా, లాగిన్ అయి స్టేటస్ చూడాలి. పోర్టల్‌లో కదలిక లేకపోతే అదే అప్లికేషన్ నంబరుతో కంపెనీ ట్రైనింగ్ విభాగానికి ఈమెయిల్ రాయాలి.

మూడోది, పెద్ద ప్రైవేటు కంపెనీలు. ఇక్కడ ఈమెయిలే మంచిది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన ఈమెయిల్‌కే రిప్లై కొట్టండి. కొత్తగా రాస్తే మీరెవరో వాళ్ళు వెతుక్కోవాలి, పాతదాని కిందే రాస్తే కథంతా అక్కడే ఉంటుంది.

నాలుగోది, చిన్న యూనిట్లు. ఇక్కడ ఈమెయిల్ చూసేవాళ్ళు తక్కువ. ఫోన్ చేయాలి. పొద్దున తొమ్మిదికి చేయొద్దు, అప్పుడు షిఫ్టు, అటెండెన్సు గొడవలో ఉంటారు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య చేయండి. రెజ్యూమే గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చి వచ్చినట్టయితే, అది లోపలికి వెళ్ళిందా అని ముందు అడగండి. సెక్యూరిటీ గదిలో కుర్చీ కింద ఎన్ని రెజ్యూమేలు నిద్రపోతున్నాయో వాళ్ళకే తెలుసు.

ఐదోది, కాంట్రాక్టరు ద్వారా వచ్చే ఉద్యోగం. ఇక్కడ 'నా ఉద్యోగం ఏమైంది' అన్నదానికంటే ముందు 'నేను ఎవరి ఉద్యోగిని' అన్నది అడగాలి. జీతం ఎవరిస్తారు? పీఎఫ్, ఈఎస్ఐ ఎవరి పేరు మీద? అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. "తర్వాత చూద్దాం" అంటే అది కూడా ఒక జవాబే, దాన్ని బట్టి మీరు నిర్ణయం తీసుకోవచ్చు.

ఇదిగో, నాలుగు వాక్యాలు

చాలామంది ఆగిపోయేది 'ఏమని రాయాలి' దగ్గర. ఇంగ్లీషులో రాస్తే తప్పులొస్తాయేమోనని భయం. ఆ భయం ఉన్నవాళ్ళ కోసం తెలుగులోనే ముందు రాసి చూపిస్తున్నాను. ఫోన్‌లో అయినా, మెసేజ్‌లో అయినా ఇది సరిపోతుంది.

"నమస్తే మేడమ్. నా పేరు ఫలానా, కెమికల్ ఇంజనీరింగ్. ఈ నెల 6న ప్రొడక్షన్ ట్రైనీ ఇంటర్వ్యూకి మీ ప్లాంటుకు వచ్చాను, వారంలో చెప్తామన్నారు. ఆ పోస్టు విషయంలో ఏమైనా నిర్ణయం అయిందా? ఇంకా టైం పడుతుందంటే మళ్ళీ ఎప్పుడు అడగమంటారో చెప్పగలరా?"

ఇందులో చూడండి: ఎవరు, ఎప్పుడు, ఏ పోస్టు, ఏం కావాలి. అంతే. "మా ఇంటి పరిస్థితి బాలేదు", "దయచేసి", "ఎలాగైనా" ఏవీ లేవు. అవి రాసిన క్షణం అడగడం అడుక్కోవడం అవుతుంది. చివరి ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు. మళ్ళీ ఎప్పుడు అడగాలో వాళ్ళ నోటితోనే చెప్పించుకుంటే తర్వాతి ఫోన్‌కు మీకు మొహమాటం ఉండదు.

ఎన్నిసార్లు అడగాలి? నా లెక్క మూడు. వాళ్ళు చెప్పిన గడువు దాటిన రెండు రోజులకు ఒకసారి. ఆ తర్వాత వారం, పది రోజులకు రెండోసారి. ఇంకో రెండు వారాలకు ఆఖరిసారి. ఆ తర్వాత నమస్కారం పెట్టి వదిలేయాలి. రోజూ ఫోన్ చేస్తే మనల్ని గుర్తుపెట్టుకుంటారు గానీ మంచిగా కాదు. ఈ మూడింటి మధ్యలో కూడా వేరే అప్లికేషన్లు ఆపకూడదు. ఒక్క గేటు ముందే కూర్చుంటే మిగతా గేట్లు కనబడవు.

సిఫారసు ఉన్నవాళ్ళకు ఫాలోఅప్ ఎందుకు?

ఇక్కడ ఒక మిత్రుడు నాతో వాదించాడు. "ఇవన్నీ పుస్తకం మాటలు. ఈ బెల్టులో తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తే పనవుతుంది, లేకపోతే కాదు." అతని మాటలో నిజం లేదని నేను అనను. లీడర్ లెటర్లు, సూపర్‌వైజర్ బావమరుదులు, ఊరి పెద్దమనిషి ఫోన్లు, ఇవన్నీ మనం చూస్తూనే ఉన్నాం.

కానీ ఆలోచించండి. సిఫారసు చేసేది కూడా ఫాలోఅప్పే కదా! మన తరఫున ఇంకొకరు ఫోన్ చేసి 'ఆ పిల్లాడి సంగతి ఏమైంది' అని అడుగుతున్నారు. వాళ్ళు అడిగితే పలుకుబడి, మనం అడిగితే తొందరపాటా? తెలిసినవాళ్ళు ఎవరూ లేని పిల్లలకు ఉన్న ఏకైక సిఫారసు వాళ్ళ సొంత గొంతు. అది కూడా వాడొద్దంటే మొదటి తరం ఇంజనీర్లను ఆట మొదలవకముందే అవుట్ చేసినట్టు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంపెనీ మాట్లాడని చోట బ్రోకరు మాట్లాడతాడు. "నీ ఫైలు పైన ఉంది, కొంచెం కడితే కదుపుతా" అనేవాళ్ళు మౌనం మీదే బతుకుతారు. మనం నేరుగా కంపెనీ నంబరుకు ఫోన్ చేసి అడిగితే అలాంటి ఫైలు అసలు ఉందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగేవాడు యజమాని కాడు, అంతే.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు మనకు దూరపు వార్త కాదు. ఆ రోజు నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పొట్టకూటికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. మనం రేపు చేరబోయేది ఇలాంటి ప్లాంట్లలోనే. అందుకే రెండోసారి మాట్లాడేటప్పుడు "నేను సెలెక్టయ్యానా" ఒక్కటే అడగొద్దు. చేరే ముందు సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు? ఏ కెమికల్స్‌తో పని? ఎమర్జెన్సీ డ్రిల్ జరుగుతుందా? ఈ ప్రశ్నలు అడిగితే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళున్నారు. ఈ ప్రశ్నలు అడిగినందుకు పోయే ఉద్యోగం పోతేనే మంచిది.

జవాబు చెప్పడం వాళ్ళ పని

ఇప్పటిదాకా మనకు చెప్పాను. ఇక కంపెనీలకు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి ఒక నియమం వచ్చింది. 25 లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, ఆఖరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోపు ఆ పోస్టుకు నిర్ణయం అయిందో లేదో అభ్యర్థికి చెప్పాలి. మన సీనియర్లు, చుట్టాలు ఎంతోమంది ఉన్న చోటే అది. అక్కడ ఇంటర్వ్యూ ఇచ్చిన తెలుగు అమ్మాయికి జవాబు హక్కు, రుద్రారంలో ఇంటర్వ్యూ ఇచ్చిన తెలుగు అమ్మాయికి మాత్రం దయ.

మన దగ్గర చట్టం అసలు ఆలోచించలేదని కాదు. 1959లోనే ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తప్పనిసరిగా తెలపాలని చట్టం చేశారు. ప్రైవేటులో 25 మంది, అంతకు పైన ఉన్న సంస్థలకూ అది వర్తించింది. దాని నిబంధనల్లో ఎంపిక ఫలితాన్ని 15 రోజుల్లో ఎక్స్ఛేంజీకి పంపాలని కూడా ఉంది. అంటే ఫలితం చెప్పడానికి గడువు పెట్టొచ్చని అరవై ఏళ్ళ కిందటే మనవాళ్ళకు తెలుసు. కాకపోతే ఫలితం ఆఫీసుకు చెప్పమన్నారు, ఎదురుచూసే మనిషికి చెప్పమనలేదు. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. దాని కింద అభ్యర్థికి కూడా ఒక గడువులోగా చెప్పాలని ఒక్క వాక్యం చేర్చితే కంపెనీలకు పోయేదేముంది? ఒక మెసేజ్ ఖర్చు.

"వందమంది వస్తే వందమందికీ ఎలా చెప్తాం?" అంటారు. అప్లై చేసిన వేలమందికి చెప్పమనడం లేదు. లీవు పెట్టుకుని, ఆటో, బస్సు మారి, మీ గేటు దగ్గర రెండు గంటలు నిలబడి, మీ ముందు కూర్చుని మాట్లాడినవాళ్ళకు చెప్పమంటున్నాం. పిలవడానికి ఒక మెసేజ్ పంపగలిగినవాళ్ళు వద్దని చెప్పడానికి పంపలేరా?

ఈ పరిశ్రమలు ఈ నేల మీద పెరిగాయి. ఇక్కడి ఊళ్ళ భూములు, నీళ్ళు వాటి కోసం పోయాయి. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు దాకా వచ్చింది. పటాన్‌చెరులో డాక్టరుగా ఉంటూ ఈ కాలుష్యం మీద ఏళ్ళ తరబడి పోరాడిన కిషన్ రావు గారి లాంటి వాళ్ళు ఉన్నారు. వదలకుండా అడగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వాళ్ళు నీళ్ళ గురించి అన్నేళ్ళు అడిగారు, మనం ఉద్యోగం గురించి మూడుసార్లు అడగలేమా?

మన కాలేజీలో ఏం చేయొచ్చు?

కోడ్ మారేదాకా ఆగక్కర్లేదు. మన ప్లేస్‌మెంట్ సెల్‌కు నా ప్రతిపాదన ఇది. క్యాంపస్‌కు వచ్చే ప్రతి కంపెనీతో తేదీ ఖరారు చేసుకునేటప్పుడే 'ఫలితం చెప్పే తేదీ' అని ఒక గడి పెట్టండి. ఆ తేదీ దాటితే విద్యార్థి కాదు, సెల్ అడగాలి. చెప్పిన తేదీ, నిజంగా చెప్పిన తేదీ రెండూ ఒక రిజిస్టరులో రాయండి. తర్వాతి బ్యాచ్ ఆ రిజిస్టరు చూసి ఏ కంపెనీ మాట మీద ఎంత నిలబడుతుందో తెలుసుకుంటుంది.

మన సాహితీ క్లబ్ కూడా ఒక పని చేయొచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చిన జూనియర్లకు ఫాలోఅప్ ఈమెయిల్ రాయడంలో ఒక శనివారం సాయంత్రం సాయం చేద్దాం. కవితలకు వర్క్‌షాప్ పెట్టుకున్నాం కదా, నాలుగు లైన్ల ఉత్తరానికి పెట్టుకోలేమా?

సీనియర్లకు ఒక మాట. మీలో కొందరు ఇప్పటికే ప్లాంటుల్లో షిఫ్ట్ ఇంజనీర్లు, కొందరు హెచ్‌ఆర్ పక్క సీట్లో ఉన్నారు. ఇంకో రెండేళ్ళలో ఇంటర్వ్యూ టేబుల్‌కు అటువైపు కూర్చుంటారు. అప్పుడు ఎవరికైనా 'మేమే కాల్ చేస్తాం' అంటే పక్కనే ఒక తేదీ కూడా చెప్పండి. ఆ తేదీన ఔనో కాదో ఏదో ఒకటి చెప్పండి.

ఇంటర్వ్యూ ఇచ్చి రెండు వారాలు దాటినవాళ్ళు ఇది చదువుతుంటే, టైం చూసుకోండి. మూడు దాటిందా? ఫోన్ చేయండి.